ఇందిర టీచరు గారి గ్లాడియేటర్

రాజోలులో ఇందిర టీచరు గారంటే తెలియనివాళ్లు తక్కువ. ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తాతగారు పరాయి చేలో కూలికి వెళ్లిన ఆ కుటుంబంలో మొట్టమొదట బి.ఎడ్. చదివింది ఈవిడే. ఆ పరువు ఎక్కడ పోతుందోనని, జనం ఏమనుకుంటారోనని, జన్మంతా గొంతు పెంచకుండా బతికారు. స్టాఫ్ రూములో ఎవరైనా పుల్లవిరుపు మాట అన్నా "ఆయ్, అలాగేనండీ" అని నవ్వేసేవారు. అలాంటి మనిషి ఇప్పుడు రోజూ భోజనం కాగానే కత్తి పట్టి మనుషుల్ని పొడుస్తున్నారంటే ఎవరు నమ్ముతారు?

అంతా కూతురు నిఖిత చలవే. అమలాపురంలో కాలేజీ లెక్చరరుగా చేస్తున్న ఆ అమ్మాయి, తను ఆడుకుందామని లాప్‌టాప్‌లో ఒక వీడియో గేమ్ వేసుకుంది. పాతకాలపు రోము నగరం. అందులో మనమొక బానిసను పెంచి, తర్ఫీదు ఇచ్చి, వేలమంది చూస్తుండగా గోదాలోకి దింపాలి. అతన్నే గ్లాడియేటర్ అంటారు. గెలుస్తూ పోతే చివరికి స్వేచ్ఛ ఇస్తారు. చస్తే మాత్రం అంతే సంగతులు, మళ్లీ మొదటినుంచి ఇంకొకణ్ణి పెంచుకోవాలి. "ఓసారి చూడమ్మా" అని ఇవ్వడమే నిఖిత చేసిన పాపం. లాప్‌టాప్ మళ్లీ ఆమె చేతికి రాలేదు.

టీచరు గారు తన వాడికి చిన్నా అని పేరు పెట్టారు. ఆటేమో వాడికి రోజూ బార్లీ జావ పొయ్యమంటుంది. "ఇంత చాకిరీ చేయించుకుని జావ పోస్తారా!" అని ఆవిడకు ఒళ్లు మండిపోయింది. గెలిచిన బహుమతులన్నీ వేటమాంసానికే తగలేశారు. కొన్నాళ్లకు చిన్నాకు బొజ్జ వచ్చి గోదాలో ఆయాసపడటం మొదలుపెట్టాడు. "అమ్మా, వాడు కొత్తల్లుడు కాదే" అని నిఖిత మొత్తుకుంది. పైగా ఆదివారం పోటీకి పంపేవారు కాదు, ఆరాధన రోజట. అయినా చిన్నా గెలుస్తూనే వచ్చాడు. ఇన్నేళ్లూ టీచరు గారు మింగిన మాటలన్నీ వాడి కత్తిలోకి దిగాయి మరి.

చివరికి ఆఖరి పోటీ శనివారం పడింది. అది గెలిచి జనం మెప్పు పొందితే చిన్నాకు స్వేచ్ఛ.

ముందురోజు చర్చిలో స్త్రీల సమాజం కూడిక. ఎవరికేం ప్రార్థన కావాలో చెప్పమనగానే టీచరు గారు లేచి, "మా చిన్నాకి రేపు చావో బతుకో అండీ. గెలిస్తే విడుదల" అనేశారు. ఆవిడ మనసు నిండా అదే ఉంది, అదే నోట్లోంచి వచ్చింది. ఏ చిన్నా అని ఎవరూ అడగలేదు. పదిమందిలో ఒకరి కష్టాన్ని తరచి అడగడం అక్కడ మర్యాద కాదు. గల్ఫులో చిక్కుకున్న చుట్టాలబ్బాయి కాబోలని ఎవరికి వాళ్లు అనుకున్నారు. సమాజం పెద్ద మార్తమ్మ గారైతే కళ్లు ఒత్తుకుని, ఆ బిడ్డకోసం రేపంతా ఉపవాసం ఉంటానన్నారు.

ఉన్నారు కూడా. శనివారం సాయంత్రం, పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, సంచిలో బత్తాయిలు వేసుకుని వచ్చేశారు.

"చిన్నా కబురేవైనా తెలిసిందాండీ టీచరు గారూ?"

టీచరు గారికి అప్పుడు వెలిగింది. ముఖంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు. అబద్ధమాడటం ఎలాగూ చేతకాదు. లాప్‌టాప్ ఆవిడవైపు తిప్పి, "ఈడేనండీ. బొమ్మండీ, ఆట. పోటీ ఇంకా మొదలెట్టలేదండీ. నాదే పొరపాటు, క్షమించండి" అన్నారు.

మార్తమ్మ గారు కళ్లజోడు సర్దుకుని, తెర మీద గోచీ కట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి ఎగాదిగా చూశారు.

"పొద్దుట్నించీ ఉపవాసం ఉన్నానండీ," అన్నారు చివరికి. "ఇప్పుడు చూడకుండా ఎలా ఎళ్తాను? కానివ్వండి."

పోటీ మొదలైంది. ఎదుటివాడు తాటిచెట్టంత ఉన్నాడు. రెండు దెబ్బలకే చిన్నా బోర్లాపడ్డాడు. "లేవరా నాయనా!" అంటూ మార్తమ్మ గారే కుర్చీలోంచి లేచిపోయారు. చిన్నా లేచాడు. "డొక్కలో పొడవండి టీచరు గారూ, డొక్కలో!" పొడిచారు. తాటిచెట్టు కత్తి జారవిడిచి మోకాళ్లమీద కూలబడ్డాడు.

ఆట అక్కడ ఆగింది. చంపాలా, వదలాలా అని అడుగుతోంది. చుట్టూ జనం చంపెయ్యమని ఒకటే గోల. నిఖిత వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "చంపెయ్యమ్మా! వదిలితే జనానికి కోపం వస్తుంది, చిన్నాకి స్వేచ్ఛ ఇవ్వరు" అంది.

టీచరు గారు మీట మీద వేలు పెట్టారు. చిన్నా బయటపడాలని ఆవిడకెంత ఆశో చెప్పలేను. వాడు నడిచి వెళ్లిపోతే తనే వెళ్లిపోయినంత సంబరం. ఒక్క నొక్కు నొక్కితే చాలు. కానీ కింద మోకరించినవాడు తలెత్తి చూస్తున్నాడు. జనమేమో అరుస్తూనే ఉన్నారు.

"అరిస్తే అరుచుకోమను!" అన్నారు టీచరు గారు. వీధిలోకి వినపడేలా అన్నారు.

వదిలేశారు. జనం ఛీకొట్టారు. చిన్నా తలవంచుకుని మళ్లీ తన బానిసల కొట్లోకి నడిచాడు. నిఖిత నెత్తి కొట్టుకుంది. టీచరు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

మార్తమ్మ గారు ఒక బత్తాయి వలిచి సగం టీచరు గారికి పెట్టి, సగం తన నోట్లో వేసుకున్నారు.

"మంచి పని చేసేరండీ. ఆ ఓడిపోయినోడి పేరేంటండీ? వచ్చే శుక్రవారం ఇద్దరి గురించీ ప్రార్థన చేద్దాం."

టీచరు గారు తెల్లబోయారు.

"ఇంతసేపూ డొక్కలో పొడిచేం గానీ, పేరు చూళ్లేదండీ!"