రెండు రోజుల కోసం లాగిన వైరు

మొన్న ఆదివారం కరీంనగర్‌లో నేనుంటున్న మా కొడుకు ఇంట్లో, మనవరాలు పడుకునే దివాను కింద పడిపోయిన కళ్లజోడు కోసం చెయ్యి పెడితే, అక్కడున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు వేడెక్కి చురుక్కున తగిలింది. ఫ్రిజ్, కూలర్, ఇస్త్రీపెట్టె అన్నీ దానికే. వైరు మీద రెండుచోట్ల టేపు చుట్టి ఉంది. నేను గాబరాపడి చెబితే, మావాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే, "ఐదేండ్ల సంది నడుస్తుంది బాపూ, ఒక్కనాడన్న ఏమన్నయిందా? ఊకె పరేషాన్ గాకు" అన్నాడు. ఐదేళ్లుగా ఏమీ కాలేదన్నది వాడి ధీమా. సరిగ్గా అదే నా భయం, ఎందుకంటే ఒకప్పుడు నేనూ ఆ మాటే అన్నాను.

గోదావరి దగ్గర బొగ్గుబావుల కాలనీలో మా క్వార్టరుకు ముందుగదిలో ఒకే ఒక్క ప్లగ్ పాయింటు ఉండేది. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అక్కడ కరెంటుకు కొరత లేదు కాబట్టి ఇంటింటా వంట కాయిల్ హీటరు మీదే. ఎర్రగా మండే ఆ తీగచుట్ట మీదే అన్నం, పప్పు, స్నానాల నీళ్లు. ముందుగది నుంచి వంటింటికి, గడప దాటించి, చాప కిందుగా నేనే ఒక వైరు లాగాను. రెండు రోజుల కోసమని. వచ్చే సెలవునాడు వంటింట్లో పాయింటు పెట్టాలని డైరీలో రాసుకున్నాను కూడా.

నా ఉద్యోగమేమో బావిలో ఎలక్ట్రీషియన్. షిఫ్టు మొదలవగానే కేబుల్ పొడవునా లైటు పట్టుకుని నడిచి, ఎక్కడ చిన్న గీత కనపడినా పని ఆపించి, రిజిస్టరులో సంతకం పెట్టేవాణ్ణి. ఇంట్లో మాత్రం, ఏటా పాత డైరీలో మిగిలిపోయిన పనులను కొత్తదాని మొదటి పేజీలోకి పొందికగా ఎక్కించేటప్పుడు 'వంటింట్లో పాయింటు' అన్నదాన్నీ ఎక్కించి, పని సగం అయిపోయినంత తృప్తి పడేవాణ్ణి. అలా పదకొండు డైరీలు.

ఆ పదకొండో ఏట ఒక మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చేసరికి వాకిట్లో జనం. చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా అవ్వకు, అంటే నన్ను కన్నతల్లికి, కింద వైరు కరిగి చాప అంటుకుని, మడమ నుంచి పిక్క దాకా కాలింది. పక్క క్వార్టరు ఆమె పరుగున వచ్చి మెయిను ఆపబట్టి ప్రాణం దక్కింది. ఆస్పత్రి మంచం మీద అవ్వ ఏడవలేదు. "బాయిల వైర్లన్ని లైటేసి సూస్తవట, నా కాళ్ల కిందిది కండ్లవడలేదా కొడుకా?" అంది, అంతే. మర్నాడే పాయింటు పెట్టాను. గంటన్నర పట్టింది. అవ్వ మాత్రం పోయేదాకా ఆ కాలు ఈడుస్తూనే నడిచింది.

ఇదంతా తెలిసీ మావాడు "గప్పటి వైర్లు వేరు, గిప్పటియి వేరు" అంటాడు. మోయలేనంత లోడు వేస్తే ఏ వైరైనా వేడెక్కదా అంటే మళ్లీ ఫోనులోకి తల దించుతాడు. ఇక లాభం లేదని బాక్సు పీకి, నా బీరువాలో పెట్టి తాళం వేశాను. ఫ్రిజ్‌లో పాలు విరిగాయి. "మామకు ఏదన్న పట్టిందంటే ఇడువడు" అని కోడలు వంటింట్లోంచి వినపడేటట్టే అంది. గోడకు కొత్త పాయింటు పెట్టాల్సిన మనిషి మూడు రోజులుగా రేపొస్తానంటున్నాడు.

వెనకట ఇంటికి ఒక పాయింటు, దానికి తగ్గట్టే నాలుగు వస్తువులు. ఇప్పుడు గదికి నాలుగున్నా చాలవు, ఒకదాని తోకకు ఇంకొకటి తగిలిస్తారు. నాకు చేతనైన రోజుల్లో రాసుకుంటూ కూర్చున్నాను. చెయ్యాలని తపించే ఈ రోజుల్లో స్టూలెక్కితే కాళ్లు వణుకుతాయి, స్క్రూ గాడి కంటికి ఆనదు. నా చేతిలో మిగిలింది బీరువా తాళంచెవి ఒక్కటే. పొద్దుటి నుంచి అడుగుతున్నారు. ఇవ్వను.