మూడో సిలిండరు

ఆటోనగర్‌లో పనిచేసిన ఏళ్ళలో నేను మనస్ఫూర్తిగా ద్వేషించింది ఒక్క మనిషిని. ఆయన మా షాపుకి ఎదురు షెడ్డులో ఇంజన్ మేస్త్రి. తొంభైల్లో నేను బోరింగ్ మిషను మీద ఉండేవాణ్ణి. అరిగిన సిలిండరును కొత్త పిస్టనుకు సరిపడే కొలతకు లోపల కోసి, నునుపు చేసి ఇవ్వడం నా పని. అందులో పిస్టన్లూ రింగులూ ఎక్కించి ఇంజను కట్టడం ఆయన పని. మా షాపుకు వచ్చే బ్లాకుల్లో, అంటే సిలిండర్లుండే ఇంజను దిమ్మల్లో, సగం ఆయన పంపినవే. అందుకని ఆయన ఏమన్నా మా ఓనరు నవ్వి ఊరుకునేవాడు.

మేస్త్రి చాలా అనేవాడు. బ్లాకు తీసుకుపోవడానికి వచ్చి, బళ్ళ ఆసాముల ముందే సిలిండర్లో వేలు తిప్పి, బోరు చేశావా బావి తవ్వావా అని అడిగేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. గేజి తెచ్చి కొలత చూపించబోతే, నువ్వు పుట్టకముందు నుంచీ నేను ఇంజన్లు కడుతున్నానంటూ ముఖం తిప్పుకునేవాడు.

ఒక ఏడు చెరుకు సీజను మొదలయ్యే ముందు ఉయ్యూరు నుంచి ఒక లారీ వచ్చింది. ఆరు సిలిండర్లూ నేనే బోరు చేశాను. మేస్త్రి ఇంజను కట్టాడు. అప్పట్లో మాకు ఇంజను పరీక్ష అంటే రోడ్డే. లోడు వేసుకుని హనుమాన్ జంక్షన్ దాకా వెళ్ళి రావాలి. పొగ, వేడి, ఆయిలు ప్రెషరు, లాగుడు అన్నీ ఆ దారిలోనే తెలిసేవి. ఆ లారీ జంక్షన్ చేరలేదు. గన్నవరం దాటగానే ఇంజను పట్టేసి బండి ఆగిపోయింది. మరో లారీకి కట్టి లాక్కొచ్చారు.

ఇంజను విప్పకముందే మేస్త్రి తీర్పు చెప్పేశాడు. నడిరోడ్డు మీద నిలబడి, నా వైపు వేలు చూపించి, లారీ ఆసామితో అన్నాడు.

"బోరు టైటుగా కోశాడండీ ఈడు. పిస్టను ఆడే చోటేదీ?"

అందరి ముందూ విప్పమన్నాను. ఆయన ఒప్పుకోలేదు. లారీ ఆసామి మాత్రం, ఎవరి తప్పో తేలేదాకా కదలనని స్టూలు వేసుకు కూర్చున్నాడు. విప్పక తప్పలేదు.

మూడో సిలిండరు గోడ పొడుగునా గీసుకుపోయి ఉంది. మిగతా ఐదూ గేజితో కొలిచి చూపించాను. అన్నీ కొలతకు సరిగ్గా ఉన్నాయి. అయితే మూడోదే టైటుగా కోసి ఉంటావన్నాడు మేస్త్రి. పాడైపోయిన బోరును కొలిచి నేనేం రుజువు చెయ్యగలను? అప్పుడు ఆ పిస్టను పై రింగు తీసి చూశాను. రింగు రెండు చివరల మధ్య సన్నని ఖాళీ ఉండాలి. వేడికి రింగు సాగుతుంది. ఖాళీ లేకపోతే చివరలు ఒకదాన్నొకటి నెట్టుకుని, రింగు సిలిండరును గీకేస్తుంది. ఎక్కించే ముందు ఆ ఖాళీ చూసుకుని, తక్కువైతే చివరలను ఆకురాయితో అరగదీయాల్సింది మేస్త్రే. ఈ రింగు చివరలు రెండూ ఒరుసుకుని తళతళలాడుతున్నాయి.

"చివరలు చూడండి. గ్యాపు చూడకుండా ఎక్కించారు," అన్నాను.

మేస్త్రి రింగును నా చేతిలోంచి లాక్కున్నాడు. దగ్గరగా పెట్టి చూస్తున్నట్టే చూసి, రెండు చేతులతో విరిచేశాడు. పోత ఇనుము, పుల్లలా విరిగింది. ముక్కలు మురుగుకాలవలోకి విసిరాడు.

నేను పక్కనే ఉన్న పెద్ద స్పానరు అందుకున్నాను. ఈలోగా లారీ ఆసామి లేచాడు. అదే పిస్టనుకున్న రెండో రింగు నాచేత తీయించి, బాగున్న సిలిండర్లోకి దించమన్నాడు. చివరలు అంటుకుపోయాయి. గ్యాపు చూసే ఫీలరు రేకుల్లో అన్నిటికంటే పల్చనిది కూడా మధ్యకు దూరలేదు. ఆసామి ఆ రేకును మేస్త్రి చేతికిచ్చి, మీరు దూర్చి చూపించండి అన్నాడు. మేస్త్రి దాన్ని కింద పడేసి షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

గెలిచాననుకున్నాను. మర్నాడు మా ఓనరు నన్ను పిలిచి, మేస్త్రి బ్లాకులు పంపడం మానేశాడని, వెళ్ళి క్షమాపణ చెప్పమని అన్నాడు. దేనికని అడిగాను.

"దేనికో నాకూ తెలీదయ్యా. ఒక మాట చెప్పిరా, పోతుంది."

నేను చెప్పలేదు. వారం తిరక్కుండా నన్ను మిషను మీంచి దింపి, వాల్వులు అరగదీసే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నా మిషను మీదికి కొత్తవాడొచ్చాడు. బ్లాకులు మళ్ళీ రావడం మొదలైంది. మేస్త్రి రోజూ వచ్చి, కొత్తవాడి బోరులో వేలు తిప్పి, నాకు వినపడేలా మెచ్చుకునేవాడు. రెండు నెలలు భరించి మానేశాను.

రెండువేల సంవత్సరం దాటాక హనుమాన్ జంక్షన్లో ఒక పాత బోరింగ్ మిషను కొని సొంతంగా షాపు పెట్టుకున్నాను. ఒకరోజు మేస్త్రి ట్రాక్టరు బ్లాకు ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. బాగా వంగిపోయాడు. ఇంతదూరం ఎందుకొచ్చారని నేను అడగలేదు. ఆ బ్లాకును చెడగొట్టాలనే ఆలోచన రాలేదని చెప్పను. వచ్చింది. మిషను ముందు నిలబడ్డాక చెయ్యి ఒప్పుకోలేదు.

పని పూర్తయ్యాక ఆయన అన్నాడు.

"ఆ రోజు గ్యాపు చూళ్ళేదు నేను. తప్పు నాదే. అయినా పెద్దోణ్ణి, నలుగుర్లో నన్నట్టా నిలబెట్టకూడదు నువ్వు."

"మీరు నన్నంది కూడా నలుగుర్లోనే కదండీ."

ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. టీ తెప్పిస్తాననుకున్నాడో ఏమో. నేను లోపలికి వచ్చి ఇంకో బ్లాకు బిగించుకున్నాను.

మళ్ళీ ఆయన రాలేదు. పోయాడని కబురు తెలిసిన రోజున మా ఆవిడ, ఇంకా ఆ పాత సంగతులెందుకు, వెళ్ళి చూసి రండి అంది. వెళితే, ఎంత పనిమంతుడో అని అక్కడ అందరూ అనుకుంటుంటారు. పనిమంతుడే, కాదనను. ఆ మాటకు తల ఊపాల్సి వస్తుందనే నేను వెళ్ళలేదు.