తాళం మీద గీతలు, దీపం పెట్టిన దిక్కు

1978లో నేను వరంగల్‌లో పోలీసు ఫోటో విభాగంలో హెడ్ కానిస్టేబుల్‌ని. నేరం జరిగిన చోటునూ, అక్కడ దొరికిన వస్తువులనూ ఫోటో తీసి, ప్రింటు వెనక కేసు నంబరు రాసి సంతకం చేయడం నా పని. ఎవరు చెప్పిందీ వెంటనే నమ్మే స్వభావం కాదు నాది. కూరలో ఉప్పు సరిపోయిందన్నా రుచి చూడందే ఒప్పుకోనని నా భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

ఆ వేసవిలో ఒక చేనేత సంఘం గోదాములో నూలు మూటలు పోయాయి. దొంగలెవరో ఇనుప ముక్క దూర్చి తాళం తీశారని కాపలాదారు ఓదేలు చెప్పాడు. ఎస్సై నమ్మలేదు. "తాళం మీద గీత లేదు. చాబీ ఉన్నోడే తీసిండు," అన్నాడు. చాబీ ఓదేలు దగ్గరే ఉండేది. అతన్ని రిమాండుకు పంపడానికి కాగితాలు సిద్ధమవుతున్నాయి.

గీత లేదనడానికి ఎస్సై చూపేది ఒక ఫోటో. నేను ఏటూరునాగారం డ్యూటీలో ఉన్నందున దాన్ని ఊళ్లోని స్టూడియో అతనితో తీయించారు. తర్వాత తాళాన్ని గుడ్డలో చుట్టి లక్క సీలు వేశారు. సీలు పడ్డ వస్తువును పంచుల ఎదుట, అంటే సాక్షులుగా పిలిచిన పెద్దమనుషుల ఎదుట తప్ప విప్పకూడదు. అందుకే అందరూ ఫోటోనే చూస్తున్నారు.

నేనూ చూశాను. ఏళ్ల తరబడి వాడిన ఇత్తడి తాళం పెళ్లికొడుకులా మెరుస్తోంది. నాకు అనుమానం వచ్చింది. స్టూడియోల్లో మొటిమలు కనపడకుండా నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్దుతారు. నెగెటివ్ తెప్పించి భూతద్దంతో చూశాను, దిద్దిన జాడ లేదు. లైట్లు ఎలా పెట్టావని స్టూడియో అతన్ని అడిగాను.

"రెండు దిక్కుల రెండు పెట్టిన సార్. మొఖం మీద నీడ పడితే గిరాకి ఫోటో తీసుకపోడు," అన్నాడు. తాళానికి మొఖమెక్కడిదయ్యా అంటే, అలవాటు సార్ అన్నాడు. గీత కనపడాలంటే నీడ పడాలి. ఇతను ఆ నీడనే తుడిచేశాడు.

సీలు విప్పమంటే ఎస్సై నన్నే అనుమానంగా చూశాడు. "ఓదేలు నీకు సుట్టమా?" అన్నాడు. నేను రెండు లైట్ల సంగతి వివరించాను. చివరికి పంచులను పిలిపించాడు. కిటికీ మూసి, ఒకే దీపాన్ని తాళం పైవైపున, బల్లకు దాదాపు ఆనించి పెట్టి ఒక ఫోటో తీశాను. దీపాన్ని కిందివైపుకు మార్చి ఇంకొకటి తీశాను. తాళానికి మళ్లీ సీలు పడింది.

మర్నాడు మొదటి ప్రింటులో చాబీ కన్నం చుట్టూ గీతలు తేలాయి. ఎస్సై ప్రింటును తలకిందులుగా పట్టుకుని, "గీతలు కావివి, ఉబ్బెత్తుగున్నయ్. తాళం పోత పోసినప్పుడే వచ్చినయ్," అన్నాడు. దీపం ఏ దిక్కునుందో తెలియకపోతే కంటికి గుంట గుబ్బలా కనిపిస్తుంది. ప్రింటును తిప్పి పెట్టి, దీపం దిక్కు చూపుతూ బాణం గుర్తు గీశాను. రెండో ప్రింటును పక్కన ఉంచాను. రెండింటిలోనూ నీడ దీపం వైపు అంచునే పడింది. గుబ్బకైతే అవతలి పక్కన పడాలి. ఎస్సై చాలాసేపు రెండూ మార్చి మార్చి చూశాడు. రిమాండు ఆగింది, ఓదేలును వదిలేశారు.

అతను వచ్చి, "నువ్వొక్కనివే నన్ను నమ్మినవ్ సారూ," అన్నాడు. నమ్మలేదని చెప్పాను. అతని ముఖం వాడిపోయింది. ఆ గీతలు ఎవరు గీశారో, అతనే గీశాడేమో, ఏ ఫోటో చెప్పదు. దొంగ ఎప్పటికీ దొరకలేదు.

మనిషిని ఎంత అనుమానిస్తామో, అతని మీద చూపే ఫోటోనూ అంతే అనుమానించాలని ఆ కేసుతో తెలిసింది. ఓదేలు మీద నా అనుమానం ఈనాటికీ పోలేదు. అయినా అతన్ని ఆ స్టూడియో ఫోటోతో జైలుకు పంపి ఉంటే అది తప్పే అయ్యేది.