రేవుకు వెళ్లే లారీ, మెరక చేసిన నా పెరడు

ఈ ఉదయం నరసరావుపేటలో మా ఇంటి ముందు రోడ్డు వాననీటిలో మునిగింది. ఓడరేవుకు మిర్చి తీసుకెళ్తున్న లారీ అక్కడే ఆగిపోయింది. రాత్రిలోగా చేరకపోతే ఓడ వెళ్లిపోతుందని డ్రైవరు తల పట్టుకున్నాడు. నేను అరుగు మీద నిలబడి, ఉద్యోగం వచ్చాక మళ్లీ పుస్తకం ముట్టని ఇంజనీర్లను తిట్టిపోశాను. తుపానులు ముదిరే ఈ కాలంలో రేవు గోడలు పెంచితే చాలదనీ, రేవుకు వెళ్లే దారి పొడవునా నీటికి చోటు విడవాలనీ చెప్పాను.

"బాబాయ్, మీ పెరట్లోంచి చిన్న కాలవ తీస్తాం. నీళ్లు వెనక వాగులోకి పోతాయి," అన్నాడు డ్రైవరు.

"మొన్ననే మట్టి తోలించి మెరక చేయించానయ్యా. కుదరదు," అన్నాను.

పక్కింటి మార్తమ్మ తన గేటు తెరిచింది. "ఏంది బాబాయ్, నువ్వు మెరక చేసినకాడి నుంచేగా నీళ్లన్నీ రోడ్డు మీదికొచ్చేది! రాయ్యా, మా బంతిమొక్కల్లోంచి తవ్వుకో."

మధ్యాహ్నానికి లారీ కదిలింది. డ్రైవరు ఆమెకు దణ్ణం పెట్టాడు, నా వైపు చూడలేదు.

ఇంజనీర్ల కోసం ఇన్నేళ్లుగా పోగేసిన తిట్లన్నీ ఈ పూట నాకే సరిపోయాయి. నా పెరట్లో చుక్క నీరు నిలవలేదు. ఆమె బంతిమొక్కలు బురదలో పడి ఉన్నాయి. మెరక తోలించుకున్న మిత్రులారా, మీ ఇంటి వాననీళ్లు ఎవరి దారిలో నిలుస్తున్నాయో ఎప్పుడైనా చూశారా?