మార్తమ్మ జపాన్ గడియారం

అది 1938. నల్లగొండ బజారులో నాకొక గడియారాల మరమ్మత్తు దుకాణం ఉండేది. దుకాణమంటే మీరు ఎక్కువ ఊహించుకోవద్దు. నేను లోపల కూర్చుంటే గిరాకీ బయట నిలబడాలి. హైదరాబాదులో కాలేజీ చదువు చదివొచ్చి ఘడీసాజ్‌గా కూర్చున్నందుకు మా బంధువులు కొంత విచారించారు. పొద్దస్తమానం ఒక కన్ను మూసుకునే మనిషికి పిల్లనెవరిస్తారని వాళ్ల బెంగ. రెండో కంటికి తగిలించుకునే భూతద్దాన్ని మా వృత్తిలో ఐగ్లాస్ అంటాం. దాన్ని చూసి కూడా ఒకరు పిల్లనిచ్చారు గనుక ఆ సంగతి అంతటితో వదిలేస్తాను.

ఒకనాటి పొద్దున మార్తమ్మ అనే అమ్మాయి, వాళ్ల నాయిన దావీదు వచ్చారు. మార్తమ్మ మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుంటున్నది. దావీదు ఊరి చివర ఆముదపు గానుగలో పనివాడు. ఆమె చేతికున్న గడియారం విప్పి నా ముందు పెట్టింది.

"అన్నా, జర దీన్ని జూడు. ఇది నా నౌకరి తీసేటట్టున్నది."

"గడియారం ఏం జేసిందమ్మా?"

"మా దవాఖాన పెద్ద దొరసాని రోగుల నాడి లెక్కపెట్టుమంటది. నేను లెక్కపెడితే అందరికి తక్కువొస్తది. ఆమె లెక్కపెడితే మంచిగనే ఉంటది. మంచిగున్నోళ్లను గూడ సగం పానం పోయినోళ్లను జేస్తున్నవని కోపానికొచ్చింది. సోమవారం మళ్ల పరీక్ష వెడ్తదట. గప్పుడు గూడ తప్పితే ఇంటికి పొమ్మన్నది. నేను చెయ్యి వడితె రోగులు గూడ భయపడుతున్నరన్నా."

దావీదు అందుకున్నాడు. "మా పెద్దోడు ఓడల వంటోడు సారూ. జపాన్ల కోబె అనే రేవుల కొన్నడట. చెల్లె నర్సమ్మ అయితదని తెచ్చిండు. ఖరాబు మాలు గాదు."

జపాన్ అనే మాట వినపడగానే పక్క బట్టల దుకాణం యాదగిరి తల బయట పెట్టాడు. ఏ సంభాషణలోనైనా తన అవసరం ఉంటుందని అతని నమ్మకం.

"జపాన్ మాలా? గా దేశపు దువ్వెన కొన్న. రెండు దినాలకే పండ్లన్ని ఊసిపోయినయి. మా అవ్వకున్నన్ని గూడ మిగల్లే."

ఆ రోజుల్లో జపాన్ సరుకంటే బజారంతటికీ అదే అభిప్రాయం. నాదీ అంతకంటే ఉన్నతమైనదేమీ కాదు. నా జేబు గడియారాన్ని ఆమె గడియారం పక్కన పెట్టి చూశాను. నా సెకండ్ల ముల్లు ముప్పావు దూరం పోయేసరికి ఆమెది చుట్టు పూర్తిచేసి రెండో చుట్టు మొదలుపెట్టింది. సంగతి తెలిసిపోయింది. ఆమె లెక్క సరైనదే, నిమిషమే పొట్టిది. పొట్టి నిమిషంలో ఎవరి నాడైనా తక్కువసార్లే కొట్టుకుంటుంది.

వెనుక మూత తీసి ఐగ్లాస్ పెట్టుకున్నాను. జబ్బు వెతకడం మరిచి పనితనం చూస్తూ కూర్చున్నాను. నాకిది అలవాటు లేని పని.

చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలకలను బ్రిడ్జిలంటారు. వాటి మీద గాలికి చెరువు నీళ్లలో లేచే అలల్లాగా సన్నని గీతలు, అన్నీ ఒకే వాలు. పలకల అంచులు కూడా వాలుగా చెక్కి అద్దంలా మెరిసేట్టు నునుపు చేశారు. మర మేకులను నిప్పు సెగ మీద నీలం రంగుకు తెచ్చారు, ఒక్కదాని రంగూ ముదరలేదు. చక్రాల ఇరుసులు తిరిగే చోట ఆవగింజకంటే చిన్న కెంపులు. మూత వేస్తే ఇందులో ఏదీ గిరాకీకి కనపడదు. చూసేవాడు నాలాంటి ఘడీసాజ్ ఒక్కడే. ఎక్కడో సముద్రాల అవతల ఒక పనివాడు, ఎప్పుడో ఎవడో మూత తీస్తాడని, వాడి కోసం ఇంత చేసిపెట్టాడు. నల్లగొండలో ఆ మర్యాద నాకు దక్కింది.

యాదగిరికి ఐగ్లాస్ ఇచ్చాను. చాలాసేపు చూసి, "దువ్వెన జేసినోడు వేరేటోడు గావచ్చు," అన్నాడు. అతని నోట అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు.

ఇక జబ్బు. బ్యాలెన్స్ అనే చక్రం అటూ ఇటూ ఊగితేనే గడియారం నడుస్తుంది. దాన్ని ఊపేది వెంట్రుకంత సన్నని చుట్ట, హెయిర్ స్ప్రింగ్. దాని చుట్లు ఒకదానికొకటి అంటుకున్నాయి. అంటుకుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, ఊపు తొందరవుతుంది. వాసన చూశాను. ముక్కుకు పరిచయమైన వాసనే.

"దీంట్ల ఆముదం ఎవరు పోసిన్రు?"

"ఆముదమా? గడియారంల ఎవరు పోస్తరన్నా?" అన్నది మార్తమ్మ. దావీదు బజారులో పోతున్న ఎడ్లబండిని శ్రద్ధగా చూస్తున్నాడు.

"నాయినా!"

"జర్రంతనే బిడ్డా. చెవుల వెట్టుకొని ఇన్న. టిక్కుటిక్కుమంటాంది. బండి ఇరుసు గట్ల మొత్తుకుంటే ఊకుంటమా? చాకుతోని మూత లేపి రెండు సుక్కలేసిన. మా గానుగల ముందుగాల దిగిన నూనె, దొరల ఇండ్లకు పొయ్యేటిది!"

ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. మా జిల్లాలో బండి ఇరుసుకు, దీపానికి, పసిపిల్ల మాడుకు, పెద్దవాళ్ల కడుపుకు, అన్నిటికీ ఆముదమే. గడియారం ఒక్కటి ఏం పాపం చేసింది?

అంతా విప్పి పెట్రోలులో కడిగాను. ఆ స్ప్రింగును చిమ్టాతో పట్టుకున్నంతసేపు ఊపిరి బిగబట్టాను. కొద్దిగా వంగినా సోమవారానికి మార్తమ్మ ఇంట్లో ఉంటుంది. ఆదివారం ప్రార్థన ముగించుకుని ఇద్దరూ వచ్చారు. సూది మొనతో కెంపుకింత గడియారపు నూనె అంటించడం దావీదు వంగి చూశాడు.

"గింతేనా సారూ? లేనోళ్ల కూరల గూడ ఇంకింత వేస్తరు!"

"దీనికి గింతే ఆకలి, పెద్దయ్యా."

తర్వాత పరీక్ష. ఆయన ఒక చెయ్యి మార్తమ్మ పట్టుకున్నది, ఇంకో చెయ్యి నేను. ఎవరి గడియారం వాళ్లం చూసుకుంటూ లెక్కపెట్టాం. ఇద్దరి లెక్కా ఒకటే వచ్చింది.

"ఇంతకు బతికున్ననా బిడ్డా?"

"ఎద్దు లెక్కున్నవు నాయినా. ఇగ దాని జోలికి రాకు."

సోమవారం సాయంత్రం మార్తమ్మ ఒక్కతే దుకాణానికి వచ్చింది. "వార్డుల వెట్టుకున్నరన్నా! ఇన్నొద్దులు తప్పెందుకొచ్చిందని దొరసాని అడిగింది. మా నాయిన ఆముదం పోసిండని చెప్పిన. నవ్వి, గా మందు రోగులకే ఉంచుమన్నది."

ఈ కేసు నాకు నేర్పింది పెద్ద విద్యేమీ కాదు. అప్పటిదాకా గడియారం చేతికి రాగానే "ఎక్కడ కొన్నరు?" అని అడిగేవాణ్ణి. ఆ తర్వాత "ఇంట్ల దీనిమీద ఎవరికి ప్రేమెక్కువ?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. నకిరేకల్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఆ ప్రశ్నకు చాలాసేపు ఆలోచించి, "మా అత్తకు," అన్నాడు. మూత తీసి చూస్తే చక్రాలన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి ఉన్నాయి.