మర్యాదగా తిట్టే పెట్టె

పాల్ రాజు మాస్టారు నూజివీడు దగ్గర ఓ హైస్కూల్లో హిందీ చెబుతాడు. బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని సోల్డరింగ్ కడ్డీ వేడి చేస్తాడు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చిన విద్య అది. కుక్కర్ కూతలు లెక్కపెట్టే పరికరం ఒకటి చేశాడు. అది రోడ్డు మీద లారీ హారన్లను కూడా కూతల్లో కలిపేసుకుని గంట కొట్టేది. ఆ ఇంట్లో చాలాకాలం పలుకన్నమే తిన్నారు. భార్య సుసన్నా ఓర్చుకుంది.

ఆ ఏడు వీరరాఘవయ్యగారి మామిడితోట మీద కోతులు పడ్డాయి. ఓ రసం కాయ కొరకడం, నచ్చనట్టు మొహం పెట్టి పారేయడం, ఇంకోటి అందుకోవడం. టపాకాయలకు జడవలేదు. ఆయనే స్వయంగా మాస్టారింటికి వచ్చాడు.

"మీ కరెంటు విద్యతో వీటికేదైనా చెయ్యండి మాస్టారూ."

తన విద్యను ఒకరు కోరి రావడం పాల్ రాజుకు అదే మొదలు. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేకపోయాడు.

బిస్కెట్ల డబ్బాలో కదలికను పసిగట్టే సెన్సరు, స్పీకరు, బ్యాటరీ అమర్చాడు. కోతి దగ్గరికొస్తే పులి గాండ్రించాలి. మొదట్లో పారిపోయాయి గానీ తర్వాత ఓ ముసలికోతి ఆ డబ్బా మీదే కూర్చుని కునుకు తీయసాగింది. మనిషి గొంతయితే నయమనుకున్నాడు మాస్టారు. డబ్బా అటూ ఇటూ తిరుగుతూ అరవాలని మిక్సీ మోటారు ఊడదీసి, మైకు సరిచూస్తున్నాడు. అప్పుడు వచ్చింది సుసన్నా.

"ఎక్కడిదక్కడ పెట్టండి. చెప్పకుండా తీసుకోవడాన్ని ఏమంటారో పిల్లలకి మీరే కదండీ చెప్పేది? మనిషన్నాక సిగ్గుండాలండీ."

మాస్టారు గబుక్కున మోటారు కింద పెట్టేశాడు. పెట్టాక చూసుకున్నాడు, మైకు ఆన్‌లోనే ఉంది, ఆమె మాటలన్నీ డబ్బాలో రికార్డయ్యాయి. ఆలోచించకుండా తన చెయ్యి ఎలా వదిలేసిందో తలుచుకుంటే ఆయనకే ఆశ్చర్యం వేసింది. ఇంతకంటే పరీక్ష ఏం కావాలి?

డబ్బా చెట్టెక్కింది. మంద మొత్తం కంచె దాటిపోయింది. కాసేపు విన్న వీరరాఘవయ్యకు ఒక్కటే అనుమానం.

"కోతుల్ని అండీ అంటుందేంటి మాస్టారూ?"

"తిట్టింది వాటిని కాదండి, నన్ను."



చిక్కు మనుషులతో వచ్చింది. తోట పక్క దారిన పోతూ సాంబయ్య అనే అతను రాలిన కాయ ఒకటి ఏరుకున్నాడు. ఎక్కడిదక్కడ పెట్టమంది చెట్టు. అంత మర్యాదగా చెబితే కాదనలేక, పురికొస తెచ్చి, కాయను కొమ్మకు వేలాడగట్టి వెళ్లాడు. ఆదివారం చర్చి బయట సుసన్నాకు చేతులు జోడించాడు.

"తప్పయిపోయిందమ్మగారూ. మీరన్నట్టే కట్టేశానండి."

సుసన్నా ఆరా తీసి తిన్నగా తోటకు వెళ్లింది. చెట్టుకింద నిలబడగానే ఆమె గొంతే ఆమెను మందలించింది. ఏమీ తీయలేదని తెలిసి కూడా ఒకసారి తన చేతులు చూసుకుంది.

"నా గొంతు అంత గట్టిగా ఉంటుందా?" అనడిగింది ఇంటికొచ్చి.

"సౌండు తగ్గించే పెట్టాను," అన్నాడు మాస్టారు.

అంతటితో సర్దుకునేదే. కానీ కోతులు ఆ గొంతుకీ అలవాటు పడ్డాయి. మాగాయకని డాబా మీద ఎండబెట్టిన ముక్కల దగ్గర ఓ కోతి చేరితే సుసన్నా పైకెళ్లి అరిచింది. అది ఆమె వంక తీరిగ్గా చూసి ఇంకో ముక్క అందుకుంది. తెలిసిన డబ్బాయే కదా అన్నట్టుంది దాని వాలకం.

"నా మాటకి విలువ లేకుండా చేశారు కదండీ," అంది సుసన్నా. గొంతు పెంచలేదు. మాస్టారికి ఆ నెమ్మదే భరించరానిదైంది. డబ్బా విప్పి తెస్తానని లేచాడు.

"తియ్యొద్దు," అందామె.

మర్నాడు పొద్దున్నే వెదురుకర్ర తీసుకుని ఆ చెట్టు బోదె చాటున పీట వేసుకుంది. మాస్టారు గొడుగు పట్టుకుని వెనక నిలబడ్డాడు. కోతులు దిగాయి, డబ్బా మందలించింది. అవి పట్టించుకోలేదు. డబ్బా "సిగ్గుండాలండీ" అనడం, అక్కణ్నుంచి తిట్టు అందుకుంటూ సుసన్నా కర్రతో బయటపడడం ఒకేసారి జరిగాయి. ముసలికోతి కాయతో పాటు పిల్ల చెయ్యి కూడా వదిలేసి పరిగెత్తి, మళ్లీ వచ్చి పిల్లను తీసుకుపోయింది. అలా కొన్నాళ్లు సుసన్నా కాపు కాసింది. పొద్దెక్కేసరికి వీరరాఘవయ్య భార్య పుష్పవతి మజ్జిగ పంపేది. చివరికి ఏ గొంతు వెనక కర్ర ఉందో, ఏ గొంతు వెనక లేదో కోతులకు అర్థం కాకుండా పోయింది. డాబా మీద ముక్కలు హాయిగా ఎండాయి. దారిన పోయేవాళ్లు మాత్రం తోట దాటేదాకా రెండు చేతులూ చెట్లకు చూపిస్తూ నడవడం మొదలుపెట్టారు.

కాయ కోతలయ్యాక మంద బాపులపాడు వైపు వెళ్లిందట. అక్కడ ఏ ఆడమనిషి కాస్త గట్టిగా మాట్లాడినా కోతులు చేతిలోది కింద పెట్టి పక్కకు తప్పుకుంటున్నాయని వీరరాఘవయ్య చెప్పాడు. వెళ్లి చూసొస్తానన్నాడు పాల్ రాజు. సుసన్నా చీర మార్చుకుని తానూ బండెక్కింది.