పన్నెండు నిమిషాలు దాటని పాఠం

సర్వే మాస్టారు వస్తుంటే ఆ కాలేజీ వాచ్‌మన్ కూడా కుర్చీలోంచి లేచి నిలబడతాడు. ఆయన సామాన్యుడు కాదు మరి. గోడమీద బొగ్గుతో లెక్కలు చేయించిన పల్లెటూరి బడిలో చదివి, పెద్ద పరీక్షలో అందరికన్నా ముందు నిలిచి, బంగారు పతకం పట్టుకొచ్చినవాడు. ముప్ఫై రెండేళ్ళుగా భూమి కొలతలు నేర్పుతున్నాడు. ఆ చుట్టుపక్కల ఆయన శిష్యులు కొలవని రోడ్డు లేదు, కాలువ లేదు.

అందుకే, సగం పాఠం ఇంట్లో వీడియోలో, సగం మైదానంలో ఎదురెదురుగా ఉండేలా కోర్సు తయారుచేయాలని ప్రిన్సిపాల్ అడిగినప్పుడు, కుర్ర లెక్చరర్లు ఒకరి మొహాలొకరు చూసుకుంటుంటే మాస్టారు చెయ్యెత్తాడు. ఆరు వారాల్లో కోర్సు సిద్ధం. ఇంట్లో విని రావాలి, ఇక్కడ మూడుకాళ్ళ పరికరం నిలబెట్టి కొలవాలి. ఒక పాఠం పూర్తయితేగానీ రెండోది తెరుచుకోదు. పాఠం వినని వాళ్ళకు మైదానంలో పరికరం ముట్టుకునే హక్కు లేదు.

వీడియోలు ఎక్కించే ఆపరేటరమ్మకు గట్టిగా చెప్పాడు. "ముందుకు జరిపే వీలుండకూడదమ్మా. వీళ్ళ సంగతి నీకు తెలీదు, చివర్న నొక్కేసి చూసేశామంటారు."

"మధ్యలో నెట్ ఆగిపోతే ఎలా సార్?"

"మళ్ళీ మొదట్నుంచి వింటారు. రెండోసారి వింటే చెవులేం అరిగిపోవులే."

మొదటి వీడియో యాభై అయిదు నిమిషాలు. దాన్ని ఇంట్లో భార్యకు చూపించాడు. ఆవిడ కాసేపు చూసి, "పాఠం ఎప్పుడు మొదలవుతుందండీ? ఈలోగా కూర దించి వస్తాను" అని వంటింట్లోకి వెళ్ళింది. ఆయన పట్టించుకోలేదు. ఈ కోర్సు గురించి చెప్పమని పక్క కాలేజీల వాళ్ళు పిలిస్తే ఇస్త్రీ చొక్కాలు వేసుకుని తిరగడంలో మునిగిపోయాడు.

నాలుగో వారం మైదానంలో చేతిలో కాగితంతో నిలబడ్డాడు. ఎవరెంత విన్నారో అందులో ఉంది. బస్సు కండక్టర్ కూతురి లెక్క దగ్గర ఆయన చూపు ఆగింది.

"ఏమ్మా! ఒకటో పాఠం నలభై మూడుసార్లు తెరిచావు, ఒక్కసారీ పూర్తి చేయలేదు. అది పాఠమనుకున్నావా, వీధి తలుపనుకున్నావా? ఊరికే తీస్తూ వేస్తూ ఉన్నావు!"

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల సంచీని గుండెకు హత్తుకుని కంచె పక్కకు వెళ్ళి నిలబడింది. ఆమె మైదానం పని పోగొట్టుకోవడం అది మూడోసారి. మూడు పోతే పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్షకు కూర్చునేవాళ్ళ జాబితా శుక్రవారం పైకి పంపాలి.

గురువారం మధ్యాహ్నం ఆమె స్టాఫ్ రూముకి వచ్చింది.

"సార్, నా పేరు తీసెయ్యకండి సార్. నేను వింటూనే ఉన్నానండీ."

"వింటున్నావా? అయితే ఏం విన్నావో చెప్పు చూద్దాం" అన్నాడు వెటకారంగా.

ఆమె కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది. గోడమీద బొగ్గు లెక్కలు, వాగు దాటి వెళ్ళిన బడి, పతకం, దాన్ని మెడలో వేసిన పెద్దమనిషి అన్న మాటలు. ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీసింది. "ఇక్కడ మీరు దగ్గుతారు సార్" అంది. చివరికి, "'ఇక అసలు విషయానికొస్తే' అంటారండీ. అంతే."

"అంతేనా? తర్వాత?"

"తర్వాత ఏముందో నాకు తెలీదండీ. ఇంట్లో ముగ్గురికీ ఒక్కటే ఫోను. మా ఇంటి మెట్లమీద తప్ప నెట్ రాదు, అదీ పది, పన్నెండు నిమిషాలకి తెగిపోతుంది. మళ్ళీ మొదటికొస్తుంది. ఇక్కడ చూద్దామంటే క్లాసు వదిలేసరికి కంప్యూటర్ గదికి తాళం వేసేస్తారు. చెబుదామని రెండుసార్లు వచ్చాను సార్. మీరు వేరే కాలేజీకి వెళ్ళారన్నారు."

మాస్టారికి తల తీసేసినట్టయింది. నలభై మూడుసార్లు ఆ పిల్ల తన గొప్పలు విన్నది. పాఠం ఒక్క ముక్కైనా వినలేదు.

అప్పటికప్పుడు ఆపరేటరమ్మ దగ్గరకు వెళ్ళి, వీడియోలన్నీ ఎనిమిదేసి నిమిషాల ముక్కలు చేసి, ఫోనులో దాచుకునేలా పెట్టమన్నాడు.

"ఆ ముందుమాట ఏం చేయమంటారు సార్?"

"తీసెయ్."

ఆవిడ తెరవైపు చూస్తూనే, "ఒకటో పాఠం దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఇంకో ఏడుగురున్నారు సార్. వాళ్ళు కోర్సే మానేశారు" అంది. వాళ్ళని బద్ధకస్తులని పక్క కాలేజీల్లో చెప్పి నవ్వించిన సంగతి ఆయనకు గుర్తొచ్చింది. ఆ ఏడుగురి ఫోను నంబర్లు అడిగి రాసుకున్నాడు.

ఆ సాయంత్రం కండక్టర్ కూతుర్ని మైదానానికి పిలిచి, పోయిన మూడు పనులూ దగ్గరుండి చేయించాడు. జాబితాలో ఆమె పేరు ఉంచాడు. పరికరం పెట్టెలో సర్దుతూ, "పొరపాటు నాదేనమ్మా" అన్నాడు తల ఎత్తకుండా.

"ఫర్లేదు సార్" అంది. వెళ్ళబోతూ, "కానీ సార్, అందరూ నవ్వారండీ" అంది.

మర్నాడు క్లాసు మొత్తం మైదానంలో చేరింది. ఆయన గొంతు సవరించుకోగానే పుస్తకాలు తెరిచారు.

"ఇది రాసుకోవద్దు" అన్నాడు. ముప్ఫై రెండేళ్ళు గుక్క తిప్పుకోకుండా మాట్లాడిన మనిషి ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పాడు. "ఆ రోజు ఈ అమ్మాయిని అన్నది తప్పు. తనేం తప్పు చేయలేదు. వినడానికి వీల్లేకుండా పాఠం తయారుచేసింది నేను. మిమ్మల్ని నవ్వించిందీ నేనే."

ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల తల వంచుకునే ఉంది. క్షమించిందో లేదో తెలియలేదు. అడిగే మొహం ఆయనకు లేదు. చెవులు కాలిపోతుంటే వంగి, అప్పటికే గట్టిగా బిగిసి ఉన్న పరికరం కాళ్ళ మరలను మళ్ళీ బిగించసాగాడు.